చర్చి స్టాఫ్‌కి టైం సరిపోవట్లేదా? సంఘం పనిని ఒక గాడిలో పెట్టుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

అందరికీ వందనాలు. చర్చి ఆఫీసులో కూర్చునేవాళ్ళకి, కమిటీలో ఉన్నవాళ్ళకి, పాస్టర్ గారికి ఊపిరి ఆడట్లేదని కళ్ళారా చూస్తూ కూడా ఏం చెయ్యాలో తోచని సంఘ పెద్దలకి ఇది రాస్తున్నా. మెగా చర్చిల గురించి కాదు, వాళ్ళకి మేనేజర్లే ఉంటారు. మామూలు టౌన్ చర్చి, రెండు మూడొందల కుటుంబాలు, ఒక పాస్టర్ గారు, ఉంటే ఒక అసిస్టెంట్, ఆఫీసులో ఒక బ్రదరో సిస్టరో, ఒక వాచ్‌మన్, మిగతాదంతా వాలంటీర్లే, అలాంటి సంఘం అనుకుని చదవండి.

టైం మేనేజ్‌మెంట్ మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి గానీ అవి సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేసే ఆఫీసోళ్ళ కోసం చేసినవి. చర్చికి అవి అతకవు, ఎందుకంటే ఊరంతా సెలవు తీసుకునే రోజే మనకి పెద్ద పని, పైగా మనకి బాస్ ఒక్కడు కాదు, కానుక వేసే ప్రతి ఇల్లూ బాసే. అందుకే పాస్టర్ గారొక్కరే మంచి డైరీ కొనుక్కుని రాసుకున్నంత మాత్రాన ఏమీ మారదు, ఆ డైరీని సంఘం ఒప్పుకోవాలి. కింద నేను చెప్పే స్టెప్పులన్నీ ఆ ఒప్పుకోలు దగ్గరికే వెళ్తాయి, కాబట్టి కమిటీ వాళ్ళు కూడా చివరిదాకా చదవండి ప్లీజ్.

స్టెప్ 1: ముందు రెండు వారాలు రాయండి, ఏమీ మార్చొద్దు

ఒక నోట్‌బుక్ తీసుకుని స్టాఫ్‌లో ప్రతి ఒక్కరూ ఏ పనికి ఎంతసేపు పట్టిందో అరగంట లెక్కన రాయాలి. నాలుగు గళ్ళు చాలు. వాక్యం, ప్రార్థన ఒకటి, మనుషుల్ని కలవడం ఒకటి, ఆఫీసు పని ఒకటి, నాలుగోది ప్రయాణం, ఎదురుచూపు. ఈ నాలుగో గడే అందరినీ ఆశ్చర్యపరుస్తుంది. కాటేజ్ ప్రేయర్, అంటే ఒకరి ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూడిక, ఏడింటికి అంటారు, ఏడున్నరకి ఇంకా చాపలు పరుస్తుంటారు, ఎనిమిదింటికి మొదలై తొమ్మిదింటికి అయిపోతుంది, తర్వాత భోజనం చెయ్యకుండా వెళ్తే ఊరుకోరు, ఇల్లు చేరేసరికి పదిన్నర, అందులో ప్రార్థన, వాక్యం కలిపి గంట. ఇది ఎవరి తప్పూ కాదు, మన పద్ధతే అంత, కానీ వారానికి మూడు ఇళ్ళు అనుకుంటే ఎన్ని గంటలు పోతున్నాయో కాగితం మీద చూస్తేనే తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఈ నోట్‌బుక్కుల్ని కమిటీ తనిఖీ కోసం వాడకూడదు, వాడితే మూడో రోజు నుంచి అందరూ అబద్ధాలు రాస్తారు. రెండోది, అమ్మగారి, అంటే పాస్టర్ గారి భార్య టైం కూడా రాయించండి. జీతం లేకుండా స్త్రీల కూడిక, సండే స్కూల్, వచ్చినవాళ్ళందరికీ టీలు, ఇంట్లో సమస్యలు చెప్పుకుని ఏడ్చే అక్కచెల్లెళ్ళు, ఇదంతా పనే, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా వేసిన ఏ టైంటేబులూ నిలబడదు.

స్టెప్ 2: వారాన్ని మంగళవారం నుంచి మొదలుపెట్టండి

సోమవారం సెలవు. పూర్తిగా సెలవు, బ్యాంకు పని కూడా పాస్టర్ గారికి పెట్టొద్దు. ఆదివారం రెండు ఆరాధనలు, మధ్యలో సండే స్కూల్, సాయంత్రం యవ్వనస్థుల కూడిక చేసినవాళ్ళకి సోమవారం పొద్దున గొంతు కూడా పెగలదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో భోజనం చెయ్యడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని ప్రభువే కాసేపు ఏకాంతంగా వెళ్ళి అలసట తీర్చుకోమన్నాడు కదా, ఎవరైనా అడిగితే ఆ వాక్యం చూపించండి. ఆఫీసు బ్రదర్‌కి, వాచ్‌మన్‌కి కూడా వారంలో ఒక రోజు సెలవు ఖాయంగా ఉండాలి, ఈ విషయం చాలా చర్చిల్లో ఎవరికీ గుర్తుండదు.

మిగతా వారానికి ఒక నమూనా ఇస్తున్నా, మీ కూడికల్ని బట్టి మార్చుకోండి:

- మంగళవారం పొద్దున స్టాఫ్ మీటింగ్, ముప్పావు గంట మించొద్దు. తర్వాత రిజిస్టర్లు, వోచర్లు, ఉత్తరాలు.
- బుధవారం, గురువారం పొద్దున 6 నుంచి 10 దాకా పాస్టర్ గారికి వాక్యం సిద్ధపాటు. ఫోన్ ఆఫీసులో ఉంటుంది.
- బుధవారం సాయంత్రం బైబిల్ స్టడీ. గురువారం సాయంత్రం, శనివారం కాకుండా ఇంకో సాయంత్రం, ఈ రెండే ఇళ్ళ సందర్శనకి.
- శుక్రవారం ఉపవాస ప్రార్థన. అది అయ్యాక ప్రార్థన చేయించుకునేవాళ్ళు లైన్ కడతారు కాబట్టి ఆ మధ్యాహ్నం ఇంకేమీ పెట్టొద్దు.
- శనివారం ఆదివారం కోసమే. పెళ్ళి ఉంటే తప్ప.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైనది గురువారం మధ్యాహ్నం ఖాళీగా వదలడం. ఎందుకో స్టెప్ 6లో చెప్తా.

పల్లెల పాస్టరేట్లలో, అంటే ఒక పాస్టర్ గారి కింద ఉండే సంఘాల గుంపుల్లో, ఉన్నవాళ్ళకి ఈ టైంటేబుల్ కుదరదు. మెదక్, డోర్నకల్ డయోసిస్‌ల వైపు ఒక్క పాస్టరేట్ కింద చాలా గ్రామ సంఘాలు ఉంటాయి, బైక్ మీదే సగం జీవితం. వాళ్ళు రోజుల్ని బట్టి కాకుండా రూట్‌ని బట్టి ప్లాన్ చేసుకోవాలి, ఒకే దారిలో ఉన్న ఊళ్ళన్నీ ఒకే రోజు, ఆ ఊరి సంఘాన్ని చూసుకునే ఉపదేశికి ముందురోజే ఫోన్ చేసి ఎవరెవరిని కలవాలో లిస్టు తీసుకోవడం, అప్పుడు వెళ్ళాక చెట్టు కింద కూర్చుని మనుషుల కోసం ఎదురుచూడక్కర్లేదు.

స్టెప్ 3: ఆదివారాన్ని వెనక నుంచి లెక్కేయండి

ఆదివారం 9:30కి ఆరాధన అంటే అక్కడి నుంచి వెనక్కి రండి. 8:30కి సౌండ్ చెకింగ్ అయిపోవాలి, అంటే 7:30కి గేటు, హాలు తాళాలు తియ్యాలి. శనివారం సాయంత్రం క్వయిర్ ప్రాక్టీసు, అంటే పాటల లిస్టు గురువారం రాత్రికే క్వయిర్ మాస్టర్‌కి చేరాలి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి అయితే నంబర్లతో సహా. ప్రొజెక్టర్ మీద పాటలు వేసే తమ్ముడికి కూడా అదే లిస్టు అప్పుడే వెళ్ళాలి. మామూలుగా ఏం జరుగుతుందంటే శనివారం రాత్రి పదకొండింటికి పాస్టర్ గారు వాట్సాప్‌లో పాట పెడతారు, ఆ తమ్ముడు నిద్రపోయి ఉంటాడు, ఆదివారం రెండో చరణం దగ్గర స్క్రీన్ మీద ఇంకో పాట వస్తుంది, తర్వాత అందరూ ఆ పిల్లాడి మీద పడతారు.

ప్రకటనలకి గురువారం సాయంత్రం 6 గంటలు లాస్ట్. ఆ తర్వాత వచ్చినవి వచ్చే వారమే, మరణ వార్త తప్ప. సెక్రటరీ గారు వాటిని రాసుకుని చదవాలి, వివరించకూడదు. పిక్నిక్ గురించి చెప్తూ పోయినేడు పిక్నిక్‌లో ఏం జరిగిందో మొదలుపెడితే పావుగంట పోతుంది, ఆ పావుగంట ప్రసంగంలోంచే పోతుంది.

ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉన్న ఆదివారం పని వేరేగా ఉంటుంది. రొట్టె ఎవరు తేవాలి, ద్రాక్షరసం ఎవరు, చిన్న గ్లాసులు కడిగేది ఎవరు, తెల్ల బట్టలు ఉతికించేది ఎవరు, ఇవన్నీ ఒక అట్ట మీద రాసి వెస్ట్రీలో, అంటే పాస్టర్ గారు ఆరాధనకి సిద్ధమయ్యే గదిలో, గోడకి కొట్టండి. పేర్లతో సహా. "ఎవరో ఒకరు చూస్తార్లే" అన్న ప్రతి పనీ చివరికి అమ్మగారి మీదకే వస్తుంది.

స్టెప్ 4: ఫోన్

దీని మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే టైం అంతా ఇక్కడే కారిపోతోంది.

చర్చికి ఒక నంబర్ తీసుకోండి, పాస్టర్ గారి సొంత నంబర్ కాదు. ఆ ఫోన్ పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా ఆఫీసులో, రాత్రిపూట వంతులవారీగా ఒక్కో పెద్ద దగ్గర ఉండాలి. ఎత్తినవాళ్ళకి ఒకటే రూల్ చెప్పండి, ఆసుపత్రి, మరణం, ప్రాణం మీదకి వచ్చిన గొడవ, ఈ మూడూ అయితే అర్ధరాత్రి అయినా పాస్టర్ గార్ని లేపొచ్చు, మిగతావన్నీ పేరు, ఊరు, విషయం రాసుకుని మర్నాడు. మొదట్లో జనం నొచ్చుకుంటారు నిజమే. కానీ "అయ్యగారు పొద్దున పది తర్వాత మీకే స్వయంగా చేస్తారమ్మా" అని చెప్పి నిజంగా పదింటికి చేస్తే నెల తిరిగేసరికి అలవాటు పడిపోతారు. చెయ్యకపోతే మాత్రం మళ్ళీ రాత్రి పదకొండింటికి సొంత నంబర్‌కే చేస్తారు, అప్పుడు వాళ్ళని అనడానికి ఏమీ ఉండదు.

వాట్సాప్ గ్రూపులు. కమిటీ గ్రూపు, క్వయిర్ గ్రూపు, యూత్ గ్రూపు, స్త్రీల గ్రూపు, సండే స్కూల్ టీచర్ల గ్రూపు, చర్చి మెయిన్ గ్రూపు, అన్నిట్లో పాస్టర్ గారు ఉంటారు, అన్నిట్లో పొద్దున్నే వాగ్దాన వచనం ఫోటోలు. మెయిన్ గ్రూపులో అడ్మిన్లే పోస్టు చేసేలా సెట్టింగ్ పెట్టండి. మిగతా గ్రూపుల్లోంచి పాస్టర్ గారు బయటికి రావచ్చు, ఆ గ్రూపు లీడర్ అవసరమైనదే చెప్తాడు. ప్రార్థన మనవులు గ్రూపులో పెడితే పది నిమిషాల్లో "ఆమెన్"ల కింద పైకి పోయి కనపడవు, అందుకని ఆఫీసు సిస్టర్ రోజూ సాయంత్రం వాటిని ఒక పుస్తకంలోకి ఎక్కించి శుక్రవారం ప్రార్థనకి ఆ పుస్తకం ఇవ్వాలి. జబ్బుల వివరాలు, కుటుంబ గొడవలు గ్రూపులో పెట్టొద్దని కూడా చెప్పండి, అది టైం సంగతి కాదు గానీ చెప్పాల్సిన సంగతి.

స్టెప్ 5: సర్టిఫికెట్లు, పెళ్ళిళ్ళు

బాప్తిస్మం సర్టిఫికెట్ కోసం ఎప్పుడో 1980ల్లో బాప్తిస్మం తీసుకున్నాయన ఫారిన్ వెళ్తూ వస్తాడు, తారీఖు గుర్తుండదు, ఆఫీసు బ్రదర్ పాత రిజిస్టర్లు దులుపుకుంటూ సగం రోజు కూర్చుంటాడు. దీనికి మందు ఒక్కటే, వేసవిలో సెలవులకి ఖాళీగా ఉన్న ఇద్దరు డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి రిజిస్టర్లన్నీ ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. పేరు, తండ్రి పేరు, తారీఖు, రిజిస్టర్ నంబర్, పేజీ నంబర్, అంతే చాలు. నా లెక్కలో మొత్తం ఈ వ్యాసంలో ఎక్కువ గంటలు మిగిల్చే పని ఇదే. ఆ షీట్ మాత్రం ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండాలి, గ్రూపుల్లో తిరగకూడదు. సర్టిఫికెట్లకి వారంలో రెండు రోజులు, రెండేసి గంటలు పెట్టండి.

పెళ్ళికి ఒక అచ్చు కాగితం తయారుచేసి మొదటిసారి అడగడానికి వచ్చినప్పుడే చేతిలో పెట్టండి. వయసు రుజువులు, ఫోటోలు, వేరే సంఘం వాళ్ళయితే అక్కడి పాస్టర్ గారి ఉత్తరం, పెళ్ళి ప్రకటన చదివే మీ సంఘాల్లో అయితే ఏయే ఆదివారాలు చదవాలో ఆ తారీఖులు, అన్నీ అందులోనే. టైం గురించి కూడా రాయండి. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, పెళ్ళి పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపు జరిపించాలి. ఫోటోషూట్ అయ్యాక పెళ్ళికూతురు ఆరున్నరకి గుమ్మం దగ్గర దిగితే పాస్టర్ గారు ఏం చెయ్యాలి చెప్పండి? ఈ రూల్ ముందే కాగితం మీద చూపిస్తే పెళ్ళివారే ఫోటోగ్రాఫర్‌ని తొందరపెడతారు.

స్టెప్ 6: చెప్పకుండా వచ్చేవాటికి చోటు

మరణానికి అపాయింట్‌మెంట్ ఉండదు. మీ పాత రిజిస్టర్ తీసి పోయినేడు ఎన్ని భూస్థాపనలు అయ్యాయో లెక్కపెట్టండి, ఒక్కోదానికి ఆదరణ కూడికతో కలిపి ఒక రోజు అనుకోండి, అన్ని రోజులు మీ ఏడాదిలోంచి ముందే తీసేయాలి. గురువారం మధ్యాహ్నం ఖాళీ అన్నది ఇందుకే. మరణం ఏ రోజు వచ్చినా, ఆ రోజు ఆగిపోయిన పని గురువారం మధ్యాహ్నానికి జరుగుతుంది. ఏమీ రాని వారం అయితే ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళని చూడండి.

ఒక బ్యాగు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. ఆరాధన క్రమం పుస్తకం, ఐదారు పాటల కాపీలు, సమాధుల రిజిస్టర్, సమాధుల తోట గేటు తాళం, పెన్ను, ఒక కాగితం మీద ఫ్రీజర్ బాక్స్, శవపేటిక, గొయ్యి తవ్వేవాళ్ళు, షామియానా, చిన్న మైక్ సెట్ నంబర్లు. ఈ ఫోన్లన్నీ ఒక పెద్ద చేస్తే పాస్టర్ గారు ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చోగలుగుతారు. ఆయన ఉండాల్సింది అక్కడే కదా.

ఇంకోటి, ఏది ఆపాలో కూడా ముందే రాసిపెట్టుకోండి. మరణం వచ్చినప్పుడు మొదట ఆగేది కాటేజ్ ప్రేయర్, తర్వాత కమిటీ మీటింగ్, బైబిల్ స్టడీ అసిస్టెంట్ చూస్తారు. అప్పటికప్పుడు ఆలోచిస్తే ఎవరి ఇంటి ప్రార్థన ఆపారో వాళ్ళు అలుగుతారు.

స్టెప్ 7: పనులు పంచడం, అధికారంతో సహా

నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషేకి చెప్పిన సలహా మీద ప్రసంగం చెయ్యని పాస్టర్ ఉండడు, అపొస్తలుల కార్యాలు 6లో ఏడుగురిని ఏర్పాటు చేసిన సంగతీ అంతే. కానీ ట్యాంకు మోటార్ కాలిపోతే ఫోన్ ఎవరికి వెళ్తుంది? అయ్యగారికే. కుర్చీలు అద్దెకి తెచ్చేటప్పుడు టెంట్ హౌస్‌తో బేరం? అయ్యగారే.

పని అప్పగించి డబ్బు ఇవ్వకపోవడమే అసలు చిక్కు. ప్రాపర్టీ చూసే పెద్దకి కమిటీ మినిట్స్‌లో రాసి ఒక మొత్తం దాకా, చిన్న చర్చికి రెండు వేలు అనుకోండి, ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టి బిల్లు ఇచ్చే అధికారం ఇవ్వండి. అది లేకపోతే మూడొందల కుళాయి కోసం ముగ్గురికి ఫోన్ చేయాలి, ఆ ముగ్గురిలో ఒకరు అయ్యగారే అవుతారు.

వాలంటీర్లకి ఒక మనిషికి ఒకే పని. చురుగ్గా ఉన్న కుర్రాడికే కీబోర్డు, లైవ్, సండే స్కూల్, కారల్స్ అన్నీ కట్టబెడితే ఏడాదిలో వాడు చర్చికి రావడమే మానేస్తాడు. టెన్త్, ఇంటర్ పరీక్షల సీజన్‌లో పిల్లల్ని ఏ పనికీ పిలవొద్దు.

స్టెప్ 8: లెక్కలు

కానుకలు ఆరాధన అయిన వెంటనే, బంధువులు కాని ఇద్దరు లెక్కపెట్టి షీట్ మీద సంతకాలు పెట్టాలి, సోమవారం ట్రెజరర్ బ్యాంకులో వేస్తారు. యూపీఐలో వచ్చినవాటికి పేరు, దేనికోసమో తెలియక ఆఫీసు బ్రదర్ అందరికీ ఫోన్లు చేస్తుంటాడు, క్యూఆర్ కోడ్ పక్కనే "దశమభాగం, కృతజ్ఞత కానుక, బిల్డింగ్ ఫండ్, ఏదో నోట్‌లో రాయండి" అని పెద్దక్షరాలతో పెట్టండి.

విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉన్న సంఘాలకి ఒక మాట. ఎఫ్‌సీ-4, అంటే ఆ విరాళాల లెక్క చూపించే వార్షిక రిటర్న్, ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోపు, అంటే డిసెంబర్ 31 లోపు వెయ్యాలి. డిసెంబర్ 31న మనం ఎక్కడుంటాం? వాచ్ నైట్ సర్వీస్‌లో, అంటే కొత్త సంవత్సరం కోసం రాత్రి చేసే ఆరాధనలో. మీ సొంత గడువు సెప్టెంబర్ అని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, ఆడిటర్ గారు కూడా సంతోషిస్తారు.

స్టెప్ 9: ఏడాది మొత్తం ఒక్క కాగితం మీద

అక్టోబర్‌లో కూర్చుని వచ్చే ఏడాది వెయ్యండి. ఉదాహరణకి 2027 తీసుకుంటే, భస్మ బుధవారం ఫిబ్రవరి 10, గుడ్ ఫ్రైడే మార్చి 26, ఈస్టర్ మార్చి 28, పెంతెకొస్తు మే 16. చూశారా, ఈస్టర్ అయిన మూడో రోజే మార్చి 31, లెక్కలు మూసే రోజు. శ్రమకాలం, అంటే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, నలభై రోజుల కూడికలు, పిల్లల పరీక్షలు, ఇయర్ ఎండింగ్, మూడూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కాబట్టి ఆ ఏడాది ఫిబ్రవరి మొదటి వారానికే వోచర్ల పని దాదాపు పూర్తి చేసుకోవాలి, శ్రమకాలపు కూడికల్లో ఎవరు ఏ రోజు వాక్యం చెప్తారో జనవరిలోనే ఉత్తరాలు వెళ్ళాలి.

గుడ్ ఫ్రైడే ఏడు మాటల సంగతి ప్రత్యేకం, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. 12 నుంచి 3 దాకా మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. ఏడుగురికి తలా 15 ఇస్తే 105, మిగిలిన 75లో పాటలు, ప్రార్థనలు, కానుక. బాగానే సరిపోతుంది, మొదటి మాట చెప్పేవారు నలభై నిమిషాలు తీసుకోనంత వరకు. ఉత్తరంలోనే 15 నిమిషాలు అని రాయండి, ముందు వరుసలో ఒకరు 12వ నిమిషానికి కార్డు చూపించాలి. ఆ కార్డు పట్టుకునేది పెద్దవాళ్ళలో ఒకరైతే మంచిది, యూత్ పిల్లాడు చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

వీబీఎస్, అంటే పిల్లల సెలవుల బైబిల్ స్కూల్, ఎండాకాలం సెలవుల్లో, దానికి సండే స్కూల్ సూపరింటెండెంటే బాధ్యులు, పాస్టర్ గారు రోజుకి ఒక గంట వస్తే చాలు. డిసెంబర్ సంగతి వేరు. సెమీ క్రిస్మస్, అంటే పండగకి ముందే చేసుకునే క్రిస్మస్ వేడుకల, ఆహ్వానాలు నవంబర్ నుంచే మొదలవుతాయి, కాలేజీలు, ఆఫీసులు, పక్క సంఘాలు, పొలిటికల్ లీడర్లు. ఎన్నింటికి వెళ్ళాలో కమిటీ ఒక సంఖ్య ముందే పెట్టుకోవాలి, అది దాటితే అసిస్టెంట్ గారో ఒక పెద్దో వెళ్తారు. కారల్స్ ఏరియాలవారీగా గ్రూపులు, పాస్టర్ గారు ఒక్కో ఏరియాకి ఒక్క రాత్రే. జనవరి 1 ఆరాధన అయ్యాక స్టాఫ్ అందరికీ వంతులవారీగా కనీసం నాలుగైదు రోజులు సెలవు, సంక్రాంతికి ఎలాగూ ఊళ్ళకి వెళ్తారు కాబట్టి ఆఫీసు కూడా పలచగానే ఉంటుంది.

స్టెప్ 10: సంఘానికి చెప్పడం

ఇది పాస్టర్ గారు చెప్పకూడదు. ఆయన చెప్తే "అయ్యగారికి బరువైపోయామా" అనిపిస్తుంది. కమిటీ తీర్మానం చేసి, సెక్రటరీ గారు నాలుగు ఆదివారాలు వరసగా ప్రకటనల్లో చదవాలి. "ఇదేమన్నా గవర్నమెంట్ ఆఫీసా, టైమింగ్స్ పెట్టడానికి?" అని ఒకరు తప్పకుండా అంటారు. మెల్లగా చెప్పండి, అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి మీరు ఫోన్ చేసినప్పుడు ఆయన ఓపికతో రావాలంటే రోజంతా కుళాయిల గురించి మాట్లాడి ఉండకూడదు కదా అని. పెద్ద కానుకలిచ్చే కుటుంబాలకి ఒక రూల్, మిగతావాళ్ళకి ఒక రూల్ అయితే మొత్తం వారంలో కూలిపోతుంది, అందుకే మొదటి రెండు నెలలు కమిటీ సభ్యులే టైమింగ్స్ పాటించి చూపించాలి, సోమవారం ఇంటి తలుపు కొట్టకుండా.

గేటు పక్కన బోర్డు మీద ఇంత రాస్తే చాలు: "ఆఫీసు వేళలు మంగళవారం నుంచి శనివారం, ఉదయం 9 నుంచి సాయంత్రం 6. సర్టిఫికెట్లు బుధ, శుక్రవారాలు ఉదయం 10 నుంచి 12. పాస్టర్ గారిని కలవడానికి మంగళవారం సాయంత్రం 4 నుంచి 6, మిగతా రోజులు ఆఫీసులో పేరు రాయించండి. సోమవారం సెలవు. ఆసుపత్రి, మరణం, అత్యవసరం అయితే ఏ వేళలోనైనా ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి." కింద చర్చి నంబర్, పాస్టర్ గారిది కాదు.